బాస్ బోటుకు ఏ ప్రొపెల్లర్? ముందు టాకోమీటరును అడగాలి

బాస్ అనే మంచినీటి చేపల వేటకు నేను కొన్న బాస్ బోటు కొత్తది కాదు. ఇరవై అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు, వెనక 250 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజను, దానికి 26 పిచ్ స్టెయిన్‌లెస్ స్టీల్ ప్రొపెల్లర్. అమ్మినాయన ట్యాంకులో సగం పెట్రోలుతో, ఒక్కడే కూర్చుని నడిపి చూపించినప్పుడు అది బాణంలా దూసుకుపోయింది. రెండు వారాల తరవాత ఉత్తర టెక్సస్‌లోని టెక్సోమా సరస్సుకు ముగ్గురం కలిసి వెళ్లాం. ట్యాంకు నిండుగా ఉంది, పట్టిన చేపల్ని బతికించి ఉంచే లైవ్‌వెల్ తొట్లలో నీళ్లున్నాయి, గాలాల పెట్టెలన్నీ ఎక్కించాం. థ్రాటిల్ పూర్తిగా తోసినా బోటు ముక్కు పైకెత్తి, మూలుగుతూ, చాలాసేపటికి గాని నీటి మీదికి లేవలేదు. లేచిన తరవాత కూడా, ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపే టాకోమీటరు ప్రకారం, అది 5,300 ఆర్‌పీఎం దాటలేదు. ఇంజనులో ఏదో పాడైందని భయపడి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఇంజను మూత తెరవకుండానే నేరుగా బోటు వెనక్కి వెళ్లి, వంగి, ప్రొపెల్లర్ బొడ్డు పక్కన కొట్టి ఉన్న అంకె చదివారు. ఇంజనుకు ఏమీ కాలేదనీ, మేము ఎక్కించిన బరువుకు ఆ 26 తగదనీ చెప్పారు.

ఆ ఒక్క అంకె అంత పని ఎలా చేస్తుందో తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి పట్టింది. అమెరికాలో ఉంటూ బాస్ వేటకు అలవాటుపడి, సొంత బోటు కొనుక్కున్న తెలుగువాళ్లు నా పరిచయస్తుల్లోనే కొందరున్నారు, వాళ్లందరూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న "ఏ ప్రొపెల్లర్ వేస్తే ఎక్కువ స్పీడు వస్తుంది?" అన్నదే. ఆ ప్రశ్నతో మొదలుపెడితే తప్పు జవాబే దొరుకుతుందని నా అనుభవం. అడగవలసింది, మన మామూలు బరువుతో థ్రాటిల్ పూర్తిగా తోసినప్పుడు ఇంజను ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతోంది అని.

ఈ ప్రశ్న బాస్ బోట్ల విషయంలో ఎందుకింత సున్నితమైందో తెలియాలంటే, ఆ బోటు ఎందుకు పుట్టిందో కొంచెం చూడాలి. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో హోమ్స్ థర్మండ్ 1948లో తయారుచేసిన స్కీటర్‌ను తొలి బాస్ బోటు అంటారు. 1967లో రే స్కాట్ బాస్ వేట పోటీలు మొదలుపెట్టారు. 1968లో ఆర్కాన్సాలోని ఫ్లిపిన్‌లో ఫారెస్ట్ వుడ్ రేంజర్ బోట్ల తయారీ ప్రారంభించారు. పోటీలో సమయం లెక్క పెట్టి ఇస్తారు కనుక, చేపలున్న మూలకు ముందు చేరుకున్నవాడికి ఎక్కువసేపు గాలం వేసే అవకాశం దక్కుతుంది. అలా వేగం ఈ బోటులో భాగమైపోయింది. దీని అడుగుభాగం మధ్యలో, వెనక వైపు, ప్యాడ్ అనే సన్నని చదునైన పట్టీ ఉంటుంది. పూర్తి వేగంలో బోటు దాదాపు ఆ పట్టీ మీదే నిలబడి పరిగెడుతుంది, మిగిలిన ఒళ్లంతా గాలిలోనే ఉంటుంది. అంటే ఇక్కడ ప్రొపెల్లర్ పని బోటును ముందుకు తోయడంతో తీరదు. నిశ్చలంగా ఉన్న బోటును బరువుతో సహా నీటి మీదికి లేపాలి, లేచాక ముక్కును ఎత్తి పట్టాలి, మలుపులో పట్టు తప్పకూడదు. ఒకదానికి మేలుచేసే రూపం మరొకదానికి కీడు చేస్తుంది.

ప్రొపెల్లర్ మీద సాధారణంగా రెండు అంకెలుంటాయి, రెండూ అంగుళాల్లోనే. మొదటిది డయామీటర్, అంటే రెక్కల కొసలు తిరుగుతూ గీసే వృత్తపు అడ్డుకొలత. రెండోది పిచ్. మరమేకును ఒక చుట్టు తిప్పితే చెక్కలోకి ఎంత దిగుతుందో, ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం అంత ముందుకు వెళ్లాలి. ఆ దూరమే పిచ్. నీళ్లు చెక్కలా గట్టిగా నిలబడవు కనుక కొంత జారిపోతుంది, ఆ జారుడునే స్లిప్ అంటారు. దాని లెక్కకు తరవాత వద్దాం. బాస్ బోట్ల ప్రొపెల్లర్లలో డయామీటర్‌ను తయారీదారు రెక్కల సంఖ్యను, ఆకారాన్ని బట్టి ముందే నిర్ణయించేస్తాడు. కొనేవాడి చేతిలో ఉండేది ప్రధానంగా పిచ్.

అవుట్‌బోర్డ్ ఇంజనుకు ముందుకు, వెనక్కు, న్యూట్రల్ తప్ప గేర్లు మార్చుకునే వీలు లేదు. కారులో అయిదారు గేర్లు చేసే పనిని ఇక్కడ ఒక్క పిచ్ చేయాలి. నిండా జనంతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్న బస్సును డ్రైవరు టాప్ గేరులోనే లాగిస్తే ఇంజను ఎలా గొణుగుతుందో, పిచ్ ఎక్కువైన ప్రొపెల్లర్‌తో బోటు ఇంజను అలాగే గొణుగుతుంది. పిచ్ మరీ తక్కువైతే బల్లపరుపు రోడ్డు మీద రెండో గేరులో పోతున్నట్టు ఇంజను అరుస్తుంది, వేగం మాత్రం పెరగదు.

అందుకే ప్రతి ఇంజను మాన్యువల్‌లోనూ పూర్తి థ్రాటిల్‌లో ఇంజను ఎంత నుంచి ఎంత ఆర్‌పీఎం మధ్య తిరగాలో ఒక పరిధి ఇస్తారు. నా ఇంజనుకు అది 5,000 నుంచి 6,000. నాది 5,300 తిరుగుతోంది కదా, పరిధిలోనే ఉంది కదా అని నేను వాదించాను. పరిధిలో ఉండటం చాలదు; బాస్ బోటు ఆ పరిధి పై భాగంలో, నా ఇంజను విషయంలో 5,600 నుంచి 5,900 మధ్య, తిరగాలని మెకానిక్ చెప్పిన మాట సరైనదని తరవాత తెలిసింది. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు సిలిండర్లలోకి గాలి, ఇంధనం నిండుగా వెళ్తాయి. ప్రొపెల్లర్ మోపే భారానికి క్రాంక్‌షాఫ్ట్ (ఇంజను ఇరుసు) నెమ్మదిగా తిరుగుతుంటే ఆ పేలుడు ఒత్తిడి, వేడి పిస్టన్ మీద, బేరింగుల మీద ఎక్కువసేపు నిలుస్తాయి. ఇంధనం వేళ తప్పి అంటుకునే డిటోనేషన్ అనే జబ్బుకు దారి అదే. ఆర్‌పీఎం హద్దు దాటితే ఆధునిక ఇంజన్లలో లిమిటర్ అడ్డుపడి ఆపుతుంది, తక్కువ ఆర్‌పీఎం‌లో మోయలేని బరువు లాగుతుంటే మాత్రం ఏ అలారమూ మోగదు. రెండింటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ మౌనంగా జరిగే నష్టమే.

పిచ్‌ను ఒక అంగుళం తగ్గిస్తే పూర్తి థ్రాటిల్‌లో సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, ఒక అంగుళం పెంచితే అంతే తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం గందరగోళం తొలగిపోతుంది.

మిగిలిన సగం బరువుది. గాలన్ నీళ్ల బరువు సుమారు 3.8 కిలోలు. లైవ్‌వెల్ తొట్లలో 30 గాలన్లు పడితే 114 కిలోలు, అంటే కనిపించకుండా మరో ఇద్దరు మనుషులు ఎక్కినట్టే. 40 గాలన్ల పెట్రోలు బరువు కూడా దాదాపు అంతే ఉంటుంది. బ్యాటరీలు, ట్రోలింగ్ మోటారు, ఈయపు గుళ్లు నిండిన పెట్టెలు వీటికి అదనం. ఉష్ణోగ్రత కూడా లెక్కలోకి వస్తుంది: ఆగస్టు మధ్యాహ్నపు వేడి, తేమ గాలిలో ఇంజను పీల్చే ఆక్సిజన్ తగ్గి శక్తి పడిపోతుంది, జనవరి ఉదయం అదే ఇంజను హుషారుగా తిరుగుతుంది. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తి తగ్గుతుంది కాబట్టి, ఎత్తైన ప్రాంతాల సరస్సులకు వెళ్లేవాళ్లు తక్కువ పిచ్ ప్రొపెల్లర్ వెంట తీసుకెళ్తారు. నాకు అమ్మినాయన బోటు చూపించింది చల్లటి మార్చి ఉదయాన, ఒంటరిగా, సగం ట్యాంకుతో. ఆయన నన్ను మోసం చేయలేదు. ఆయన వాడకానికి 26 సరిపోయింది, నా వాడకానికి సరిపోలేదు.

కాకినాడ, విశాఖ తీరాల్లో ఫైబర్ తెప్పకు అవుట్‌బోర్డ్ బిగించుకుని సముద్రంలోకి వెళ్లే మత్స్యకారుడికి కావలసింది వలల బరువును, చేపల బరువును అలలకు ఎదురు లాగే బలం. ఆయన ఇంజనుకు బాస్ బోటు పిచ్ వేస్తే ఒడ్డు దాటడమే కష్టమవుతుంది. పక్కవాడి బోటుకు బాగా పనిచేసిందని అదే ప్రొపెల్లర్ కొనడం ఒకే సరస్సు మీద తిరిగే రెండు బాస్ బోట్ల మధ్య కూడా ఇదే రకం పొరపాటు అవుతుంది, తేడా మోతాదులోనే.

కాబట్టి కొనేముందు కొలవాలి. మనం రోజూ తీసుకెళ్లే మనుషులు, సామాను, పెట్రోలు, తొట్లలో నీళ్లతో, గాలి తక్కువగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్న విశాలమైన నీటి మీద పూర్తి థ్రాటిల్‌లో నడపాలి. ఇంజనును ట్రిమ్ బటనుతో కొద్దికొద్దిగా బయటికి వంచుతూ, వేగం ఇక పెరగని చోట ఆపి, ఆర్‌పీఎం‌ను, జీపీఎస్ వేగాన్ని రాసుకోవాలి. బోటులో ఉండే పాత రకం స్పీడోమీటరు నీటి ఒత్తిడితో పనిచేస్తుంది కనుక దాన్ని నమ్మకూడదు. అదే దారిలో ఎదురు దిశలో మళ్లీ నడిపి సగటు తీస్తే గాలి, ప్రవాహాల ప్రభావం పోతుంది. నిలిచిన చోటు నుంచి బోటు నీటి మీదికి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కన కూర్చున్నవారు చూసి చెప్పాలి. ఈ పరీక్షలో లైఫ్‌జాకెట్, ఇంజను కట్ ఆఫ్ స్విచ్ తాడు రెండూ ఒంటిమీద ఉండాలి. 26 అడుగుల లోపు బోట్లను ప్లేన్ మీద, అంటే నీటి మీదికి లేచిన వేగంలో, నడిపేటప్పుడు ఆ తాడు తగిలించుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసింది కూడా.

ఇప్పుడు స్లిప్ లెక్క. ఆర్‌పీఎం‌ను పిచ్‌తో గుణించి, వచ్చినదాన్ని గేర్ నిష్పత్తితో, మళ్లీ 1,056తో భాగిస్తే లెక్క ప్రకారం రావలసిన వేగం గంటకు మైళ్లలో వస్తుంది. మైలుకు ఉన్న 63,360 అంగుళాలను గంటకు ఉన్న 60 నిమిషాలతో భాగిస్తే వచ్చేదే ఆ 1,056. నా ఇంజను గేర్ నిష్పత్తి 1.75, అంటే క్రాంక్‌షాఫ్ట్ 1.75 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుంది. 5,300ను 26తో గుణించి భాగిస్తే 74.6 మైళ్లు. జీపీఎస్ చూపించింది 65. తేడా దాదాపు 13 శాతం. బాగా అమర్చిన బాస్ బోటులో స్లిప్ 10 శాతం అటూఇటూగా ఉండాలి. మరీ ఎక్కువగా ఉంటే రెక్కలు నీటిని సరిగా పట్టుకోవడం లేదనో, బోటు ముక్కు కిందికే ఉండి ఒళ్లంతా నీటిని రాసుకుంటోందనో అర్థం. లెక్కలో స్లిప్ సున్నా దగ్గరికి వస్తే సంతోషించకుండా, పిచ్ అంకెనో, టాకోమీటరునో, గేర్ నిష్పత్తినో అనుమానించాలి.

పిచ్ తేలాక రెక్కల సంఖ్య, ఆకారం చర్చకు వస్తాయి. మూడు రెక్కల ప్రొపెల్లర్‌కు నీటిలో రాపిడి తక్కువ, అందువల్ల తేలికైన బోటులో చివరి మైలు వేగం సాధారణంగా దానిదే. నాలుగు రెక్కలది బరువును త్వరగా లేపుతుంది, మలుపుల్లో, అలల్లో పట్టు వదలదు, తక్కువ వేగంలో కూడా బోటును ప్లేన్ మీద నిలబెడుతుంది, వెనక భాగాన్ని కొంత ఎత్తుతుంది. అదనపు రెక్క ఇంజనుకు అదనపు పని కనుక, మూడు నుంచి నాలుగుకు మారేటప్పుడు పిచ్ ఒక అంగుళం తగ్గించడం ఆనవాయితీ. మెర్క్యురీ సంస్థ ప్రొపెల్లర్లలో ఫ్యూరీ మూడు రెక్కల రకానికి, బ్రావో వన్ నాలుగు రెక్కల రకానికి బాస్ బోట్లవాళ్లు తరచు చెప్పే ఉదాహరణలు.

రెక్కలు బొడ్డు నుంచి నిటారుగా కాకుండా వెనక్కి వాలి ఉండటాన్ని రేక్ అంటారు. వాలు పెరిగినకొద్దీ బోటు ముక్కు పైకి లేస్తుంది. ముక్కు బరువైన బోటుకు అది వరం. ముక్కు అప్పటికే తేలికగా ఉన్న బోటుకు అలాంటి ప్రొపెల్లర్ వేస్తే, పూర్తి వేగంలో బోటు ప్యాడ్ మీద నిలవలేక కుడికీ ఎడమకీ ఊగడం మొదలవుతుంది. దాన్నే చైన్ వాక్ అంటారు. అది మొదలైతే స్టీరింగుతో కుస్తీ పట్టకుండా థ్రాటిల్ నెమ్మదిగా తగ్గించాలి. కప్ అనేది రెక్క వెనక అంచుకు పెట్టే చిన్న మడత. చెంచా అంచులా కనిపించే ఆ మడత నీటిని జారిపోకుండా పట్టుకుంటుంది. మడత పెంచితే పిచ్ పెరిగినట్టే ఆర్‌పీఎం కొంత తగ్గుతుంది, అందుకే ఒకే అంకె కొట్టి ఉన్న రెండు ప్రొపెల్లర్లు ఒకేలా నడవకపోవచ్చు.

చాలామంది వదిలేసే సంగతి ఇంజను ఎత్తు. ప్రొపెల్లర్ మార్చినప్పుడల్లా ఎత్తు మళ్లీ చూడాలి, ఎందుకంటే కప్, రేక్ బాగా ఉన్న ప్రొపెల్లర్ నీటి ఉపరితలానికి దగ్గరగా తిరిగినా పట్టు వదలదు. ట్రైలరును సమతలంగా నిలిపి, ఇంజనును నిటారుగా ఉంచి, నేల నుంచి ప్యాడ్ అడుగుకు, నేల నుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ నడిమికి కొలిస్తే ఆ రెండింటి తేడాయే మనకు కావలసిన కొలత. బాస్ బోట్లలో షాఫ్ట్ ప్యాడ్ కన్నా మూడు అంగుళాల కింద ఉండటం మంచి ఆరంభం. అక్కడి నుంచి, ఇంజనును పైకీ కిందికీ జరిపే జాక్ ప్లేటుతో ఒక్కోసారి పావు అంగుళం పైకి జరుపుతూ పరీక్షించాలి. ఇంజను పైకి వెళ్లినకొద్దీ నీటిలో ఈడ్చుకుపోయే లోహం తగ్గి ఆర్‌పీఎం, వేగం పెరుగుతాయి. హద్దు దాటితే చల్లబరిచే నీటి ఒత్తిడి పడిపోతుంది. అందుకని ప్రతి పరుగులోనూ ఒక కన్ను వాటర్ ప్రెషర్ గేజి మీద ఉండాలి.

మలుపులో ఇంజను హఠాత్తుగా అరిచి, బోటు నెమ్మదించిందంటే ప్రొపెల్లర్ నీటికి బదులు గాలినో, సైలెన్సరు పొగనో పట్టుకుందని అర్థం. దీన్ని అందరూ కావిటేషన్ అంటారు గాని దాని అసలు పేరు వెంటిలేషన్. కావిటేషన్ వేరు: రెక్కకు ఒక వైపున ఒత్తిడి బాగా పడిపోయి, చల్లటి నీళ్లే మరిగి ఆవిరి బుడగలై, అవి రెక్క మీద పగిలి లోహాన్ని గుంటలు గుంటలుగా తినేస్తాయి. మొదటిదానికి మందు ఇంజనును కొంచెం దించడం, ట్రిమ్ తగ్గించడం, లేదా కప్ ఎక్కువున్న ప్రొపెల్లర్. రెండోది చాలాసార్లు రాయి తగిలి వంగిన అంచు వల్ల వస్తుంది, దానికి మరమ్మతే శరణ్యం. ఈ తేడా తెలియక మంచి ప్రొపెల్లర్లు అమ్మేసుకున్నవాళ్లున్నారు.

లోహం విషయంలో ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఇంత శక్తి దగ్గర అల్యూమినియం రెక్క వంగుతుంది, పిచ్ నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీలే వాడాలి. ఆ స్టీలు రెక్కలను మైనపు నమూనా చేసి, దాని చుట్టూ పింగాణీ పూత పెట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసి తీస్తారు. మన స్థపతులు పంచలోహ విగ్రహాలకు వాడే మధూచ్ఛిష్ట విధానం మూలసూత్రం కూడా ఇదే. విస్కాన్సిన్‌లోని ఫాండ్ డు లాక్‌లో ఉన్న మెర్క్యురీ పోత కర్మాగారంలో ప్రొపెల్లర్లకూ, మన ఊళ్ల ఉత్సవమూర్తులకూ ఒకే పద్ధతి ఉండటం నాకు ఎంతో ఆనందం కలిగించింది. కొన్ని ప్రొపెల్లర్ల బొడ్డు మీద ప్రతి రెక్క వెనకా ఒక రంధ్రం ఉంటుంది. బోటు కదిలే తొలి క్షణాల్లో, బొడ్డు గుండా బయటికి పోయే ఇంజను పొగ అందులోంచి వచ్చి నీటిని పలుచన చేస్తుంది కాబట్టి రెక్కలు తేలిగ్గా తిరిగి ఇంజను త్వరగా బలం పుంజుకుంటుంది. వేగం వచ్చాక నీటి ప్రవాహమే ఆ రంధ్రాలను మూసినట్టు చేస్తుంది. లేవడంలోనే ఇబ్బంది ఉండి, పై ఆర్‌పీఎం బాగానే ఉంటే, పిచ్ మార్చేముందు ఈ రంధ్రాల బిరడాలు మార్చి చూడటం ఖర్చులేని మార్గం.

ప్రొపెల్లర్‌ను ఊడదీసిన ప్రతిసారీ షాఫ్ట్‌ను వేలితో తడిమి చూడాలి. నేను 26ను తీసినప్పుడు థ్రస్ట్ వాషరు వెనక ఆకుపచ్చని గాలం దారం నాలుగైదు చుట్లు బిగుసుకుని, వేడికి కరిగి గాజుముక్కలా గట్టిపడి ఉంది. చాకుమొనతో గీరి తీయడానికి పావుగంట పట్టింది. అది ఇంకొంత కాలం ఉంటే ఆయిల్ సీలును కోసేది. నీళ్లు లోపలికి చేరి గేర్ ఆయిలు మజ్జిగలా తెల్లబడేది. షాఫ్ట్ గాడులకు కొత్త గ్రీజు పూసి, నట్టును మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు టార్క్ రెంచ్‌తో బిగించాలి. మొదటి ప్రయాణం తరవాత మళ్లీ ఒకసారి సరిచూడాలి.

స్టెయిన్‌లెస్ ప్రొపెల్లర్ ఖరీదు కొన్ని వందల డాలర్లు కనుక ఊహతో కొనడం మంచిది కాదు. నాకు దొరికిన దుకాణదారు రెండు ప్రొపెల్లర్లు తీసుకెళ్లి నడిపి చూసి, నచ్చనిది గీత పడకుండా తిరిగి ఇవ్వమన్నారు. ముగ్గురం, అదే బరువు, అదే సరస్సు. 24 పిచ్ మూడు రెక్కలదానితో ఆర్‌పీఎం కోరుకున్న చోటికి వచ్చింది గాని, గాలి లేచి అలలు పెరిగాక మలుపుల్లో రెండుసార్లు పట్టు వదిలింది. 24 పిచ్ నాలుగు రెక్కలదానితో 5,600 వచ్చింది, జీపీఎస్ 66 చూపించింది, స్లిప్ 9 శాతానికి దిగింది. రెండు అంగుళాల పిచ్ తగ్గించినా వేగం తగ్గకపోగా ఒక మైలు పెరిగింది. లేవడానికి పట్టే సమయం దాదాపు సగమైంది. వేగంలో ఒక మైలు ఎక్కువా తక్కువా నాకు ముఖ్యం కాదు. లోతు తక్కువున్న పాయలో, ముగ్గురితో ఆగిన చోటు నుంచి భయం లేకుండా లేవగలగడం ముఖ్యం.

పాత 26ను అమ్మలేదు. జనవరిలో ఒంటరిగా, సగం ట్యాంకుతో వెళ్లే రోజుల్లో 24 వేస్తే ఇంజను లిమిటర్ దగ్గరికి పోతుంది. ఆ రోజుల్లో 26తో 5,700 తిరుగుతుంది. మిగిలిన కాలమంతా అది గోనెసంచిలో చుట్టి, ఒక నట్టు, రెంచ్, చెక్క దిమ్మతో పాటు బోటు వెనక అరలో ఉంటుంది. నీటి కింద మొద్దు తగిలి ఒక రెక్క విరిగిన నాడు ఒడ్డు చేరడానికి అదే ఆధారం.